కార్మడీ అమ్మాయిల కోచ్

కార్మడీ, టెక్సస్
ఆగస్టు, 1986

ప్రియమైన ఆర్లీన్,

ఉద్యోగం వచ్చింది. ఈ ఒక్క ముక్క చదివి, కాసిని మంచినీళ్ళు తాగి, తర్వాత కిందికి రా. ఎందుకంటే కిందిది చదివాక నువ్వు తిడతావు.

ఎన్ని ఊళ్ళు తిరిగానో లెక్క లేదు. చమురు ధర పడిపోయిన దగ్గర్నుంచి ఇక్కడి బళ్ళన్నీ నన్ను తీసేసిన మన మిషిగన్ బడిలాగే ఖర్చులు తెగ్గోసుకుంటున్నాయి. ఒక మనిషిని పెట్టుకుంటే రెండు పనులు చేయించుకోవాలి. దాంతో ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "చరిత్ర చెప్తారా? సంతోషం. మరి ఏ ఆటకి కోచింగ్ ఇస్తారు?" టెక్సస్‌లో చరిత్ర అంటే ఫుట్‌బాల్ కోచ్ మధ్యాహ్నం మైదానంలోకి దిగేదాకా కాలక్షేపానికి చెప్పే పాఠమట. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, బంతి పట్టుకోవడం రాదన్నానని గుమ్మంలోంచే పంపేశారు.

ఆఖరికి ఈ కార్మడీ వచ్చాను. ఇక్కడి బడికి పెద్ద మిస్టర్ టీగ్. బడి నడిపేదీ ఆయనే, మ్యాచ్‌లకి గేటు దగ్గర టికెట్లు చింపేదీ ఆయనే. "ఏం లాభమయ్యా, ఇంత దూరం వచ్చావు. నాకు కావలసింది అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్. ఆ మనిషికి చరిత్ర కూడా వస్తే మరీ మంచిది" అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది. "మా ఇంట్లో బాస్కెట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదండీ" అన్నాను. ఒకప్పటి మాటే అనుకో, అబద్ధమైతే కాదుగా! ఆయన చెయ్యి కలిపేశాడు.

ఇది ఒక్క ఏడాదికే. వచ్చే వసంతంలో బడి బోర్డువాళ్ళు కాంట్రాక్టు పొడిగిస్తేనే రెండో ఏడాది. మనం అనుకున్నట్టే, ఆ రెండో కాంట్రాక్టు చేతికొచ్చేదాకా నువ్వు ఇల్లూ బేకరీ పనీ వదలకు. అది వస్తే మాత్రం ఆ రోజే బయల్దేరు.

మిసెస్ ఓడెల్ అనే పెద్దావిడ ఇంటి వెనక గది తీసుకున్నాను. మంచం పెద్దది. అదే బాధ. ఇన్నేళ్ళూ దుప్పటి లాక్కుంటావని నిన్ను సాధించాను. ఇప్పుడు దుప్పటంతా నాదే, నిద్ర మాత్రం రావడం లేదు.

ఇక అసలు సంగతి. మన ఊళ్ళో నువ్వు కోచ్‌గా ఉన్న అమ్మాయిల జిమ్ మూసేసి ఐదేళ్ళయింది. ఆనాటి నుంచి నువ్వు ఆట మాటే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. నవంబరులో ఆట మొదలు. ఏం చెయ్యాలో రాయి తల్లీ.

నీ
గెరిట్


లూమిస్ హార్బర్, మిషిగన్
సెప్టెంబరు

శ్రీమాన్ గెరిట్ గారికి,

మంచినీళ్ళు తాగాను. తిట్లు మాత్రం దిగలేదు.

నువ్వు కోచ్‌వా! నా మ్యాచ్‌లకి వచ్చి, బెంచీ చివర కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుకున్న మహానుభావుడివి. ఒకసారి మనవాళ్ళు గెలిచారని అందరూ లేచి గంతులేస్తుంటే "ఏమైంది, నిప్పంటుకుందా?" అని అడిగావు. ఆ ఆడపిల్లల గతి ఏం కాను?

ఆట గురించి నేను రాయను. అది నాకు అయిపోయిన సంగతి. డబ్బు లేదనగానే మన బడివాళ్ళకి మొట్టమొదట ఆడపిల్లల ఆటే కనబడింది. చట్టం ఒప్పుకోదన్నా వినలేదు. మొన్న బేకరీ బండిలో అటువైపు వెళ్ళాను. జిమ్ కిటికీలోంచి చూస్తే విరిగిన బల్లలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇక్కడ అంతా మామూలే. తెల్లారకుండానే పనిలోకి వెళ్ళడం, రొట్టెలు పెట్టెల్లో సర్దడం, రావడం. ఇల్లు చూడటానికి ఎవరూ రావడం లేదు, వీధిలో సగం ఇళ్ళకి అమ్మకం బోర్డులే. బఠాణీ సూప్ ఇంకా ఇద్దరికీ సరిపడానే కాస్తున్నాను. తగ్గించి కాయడం చేతకావడం లేదు. మూడు రోజులు అదే తిని, నాలుగో రోజు నిన్ను తిట్టుకుంటూ పారబోస్తున్నాను.

రాయను అన్నాను కదా. రాయడం లేదు. అయితే ఆ పిల్లల కాళ్ళు విరిగితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది కాబట్టి ఒక్కటి చెప్తాను. మొదటి వారం వాళ్ళని బంతి ముట్టుకోనివ్వకు. పరిగెత్తి ఠక్కున ఆగడం నేర్పు. ఆగడం రానివాళ్ళకి ఆడటం రాదు. వాళ్ళు గొణుగుతారు, గొణగనీ. ఇంకో సంగతి, బంతి ఉన్న పిల్లని చూస్తూ నిలబడకు. బంతి లేని నలుగురూ ఏం చేస్తున్నారో చూడు. కోచ్ చూడాల్సింది వాళ్ళనే.

ఇక ఏమీ రాయను.

ఆర్లీన్

మళ్ళీ: ఎంతమంది పిల్లలున్నారు? ఎవరి ఎత్తు ఎంత? ఎడమచేతివాటం వాళ్ళెవరైనా ఉన్నారా? వెంటనే రాయి.


కార్మడీ
నవంబరు చివర

నా ప్రియమైన ఆర్లీన్,

గెలిచాం! మొదటి మ్యాచే గెలిచాం. నిన్న సాయంత్రం నుంచి నా మొహం మీద నవ్వు పోవడం లేదు. ఈసారి నిప్పంటుకుందా అని అడగలేదు. నేనే అందరికంటే ముందు లేచి గంతులేశాను.

రాయనంటూనే నువ్వు పంపిన ఆట బొమ్మలన్నీ నల్లబల్ల మీద వేసి చూపించాను. నాకు అర్థం కానివి వాళ్ళకి అర్థమయ్యాయి. ఏం చెప్పాల్సొచ్చినా "మా ఆవిడ చెప్పింది" అని మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది. "మా ఆవిడ చెప్పింది, మోకాళ్ళు వంచండి." "మా ఆవిడ చెప్పింది, వెనక్కి చూడకండి." ఇప్పుడు పిల్లలు నన్ను పలకరించడం మానేశారు. జిమ్‌లో అడుగు పెట్టగానే "సార్, మేడమ్ ఈ వారం ఏం రాశారు?" అంటారు. ఫుట్‌బాల్ కోచ్ డ్వెయిన్ అయితే రోజూ దెప్పుతాడు. "ఏం గెరిట్, ఇవాళ పోస్ట్‌మాన్ వచ్చాడా, లేక పిల్లలే ఆడుకోవాలా?" అంటాడు. అననీ.

మన జట్టుకి ప్రాణం ట్వైలా. పదిహేడేళ్ళది, మగపిల్లలకంటే పొడుగు. బంతి దాని చేతిలో పడితే ఇక ఎవరికీ దొరకదు. నా చరిత్ర క్లాసులోనే వెనక బల్ల మీద కూర్చుంటుంది, కాళ్ళు నడవాలో చాపుకుని, కళ్ళు కిటికీలోంచి బయటికి వేసి. దాని నాన్నకి నూనెబావి దగ్గర పని పోయింది. కాలేజీ చదువంటూ ఉంటే అది ఆటకిచ్చే స్కాలర్‌షిప్పుతోనే రావాలని ఇంట్లో అందరికీ తెలుసు.

గెలిచాక పిల్లలంతా హాంబర్గర్లు తిన్నారు. ట్వైలా నా దగ్గరికి వచ్చి "మేడమ్‌కి చెప్పండి సార్, ఆవిడ చెప్పినట్టే ఆగాను" అంది. నువ్వు ఇక్కడ ఉండి వినాల్సిన మాట అది. ఇంత సంతోషమూ ఒక్కణ్ణే పెట్టుకుని ఏం చేసుకోను? ఇంటికొచ్చి మిసెస్ ఓడెల్‌కి చెప్పాను. ఆవిడకి చెవుడు.

నీ
గెరిట్


లూమిస్ హార్బర్
డిసెంబరు

ప్రియమైన గెరిట్,

క్రిస్మస్‌కి రావద్దు. నువ్వు రాలేవని నాకు తెలుసు, నువ్వు చెప్పలేక నసుగుతున్నావు కాబట్టి నేనే చెప్తున్నాను. సెలవుల్లో నీకు టోర్నమెంటు ఉంది. నాకు బేకరీలో ఊపిరాడని పని. ఊరంతా బాదంపప్పు రొట్టెలు తింటుంది, ఎవరో ఒకరు చెయ్యాలిగా.

చెప్పడం తేలికే. ఆ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చించాను.

ట్వైలా గురించి. పొడుగు పిల్లలు చిన్నప్పటి నుంచీ వంగి నడుస్తారు. నలుగురిలో కనబడకూడదని. నేనూ అలాగే నడిచేదాన్ని, మా అమ్మ వీపు మీద చరిచేది. దాన్ని చరచకు. "నీ ఎత్తంతా నీదే, ఎవరి దగ్గరా అప్పు తేలేదు" అని చెప్పు. భుజాలు వెనక్కి వేసుకుని నిలబడిందంటే సగం బంతులు దానివే. ఇంకో బొమ్మ వేసి పంపుతున్నాను. కేకు అట్ట మీద వేశాను, పిండి మరకలు చూసి నవ్వుకోండి.

గెరిట్, నీతో ఒక మాట. ఇప్పుడు బేకరీలో పని చేస్తూ చేస్తూ ఆగిపోతున్నాను. మీ పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తడుతూంటుంది. పక్కావిడ "ఏమిటి ఆర్లీన్, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అంది. ఐదేళ్ళుగా నాలో పడుకున్నదేదో లేచింది. భయమేస్తోంది. మనకి పిల్లలు లేకపోయె, ఇప్పుడు పదకొండుమంది పిల్లలు, ఒక్కదాని మొహమైనా చూడలేదు.

వసంతం ఎప్పుడొస్తుందో. కాంట్రాక్టు ఎప్పుడిస్తారో. కిటికీ అవతల మంచు ఇంతెత్తున ఉంది.

నీ
ఆర్లీన్


కార్మడీ
ఫిబ్రవరి

ఆర్లీన్,

ఓడిపోయాం. ఇక రాష్ట్ర టోర్నమెంటు లేదు, ఏమీ లేదు. ఓడించింది నేనే.

సంగతి చెప్తాను, ఓపిగ్గా విను. ఈ రాష్ట్రంలో ఒక నియమం ఉంది. ఏ ఒక్క పాఠంలో ఫెయిలైనా ఆరు వారాలు ఆట బంద్. జనవరి పరీక్షలో అంతర్యుద్ధం ఎందుకు వచ్చిందో రాయమన్నాను. ట్వైలా ఏం రాసిందో తెలుసా? "ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ ఒకళ్ళంటే ఒకళ్ళకి పడలేదు." అంతే. మిగతా పేజీలో బాస్కెట్ బొమ్మ వేసింది. పిలిచి అడిగాను. "ఎవరు గెలిచారో నాకు తెలుసు కదా సార్, ఎందుకు కొట్టుకున్నారో ఎందుకు?" అంది. ఆర్లీన్, ఈ పిల్ల ముత్తాతల్ని ఆ యుద్ధమే ఇక్కడికి తోలింది. ఆ సంగతి కూడా దానికి తెలియదు.

ఫెయిల్ అని రాశాను.

మర్నాడు డ్వెయిన్ వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. "ఇలాంటప్పుడు పెన్ను కాస్త జారాలయ్యా గెరిట్. మన కోచ్‌ల చేతికి చరిత్ర ఎందుకిచ్చారనుకున్నావు?" అన్నాడు. అప్పటిదాకా నాకు నిజంగా తట్టలేదు. రాష్ట్రమంతా తెలిసిన సంగతి, నేనొక్కణ్ణే వెర్రిమొహం వేసుకుని పేపర్లు దిద్దుతున్నాను.

ట్వైలా లేకుండా ఆడాం, చిత్తుగా ఓడాం. అది బెంచీ మీద నా పక్కనే కూర్చుని ఏడ్చింది. కేఫ్‌లో కాఫీ ఇచ్చే ఆవిడ ఇప్పుడు కప్పు పెట్టి మొహం తిప్పుకుని వెళ్ళిపోతుంది. కాంట్రాక్టుల మీటింగు వచ్చే నెల. నిన్ను ఇక్కడికి రప్పించుకునే దారి నా చేత్తో నేనే మూసేశానేమో.

గెరిట్


లూమిస్ హార్బర్
ఫిబ్రవరి

గెరిట్,

ఎంత పని చేశావయ్యా! ఉత్తరం చదివి దాన్ని నేలకేసి కొట్టాను. అలాంటి పిల్ల ఒక కోచ్‌కి జన్మకొకసారి దొరుకుతుంది. ఇంకో నాలుగు మార్కులు పడేస్తే నీ సొమ్మేం పోయేది?

ఇదంతా కోచ్ మాట. కోపం చల్లారాక నీ పెళ్ళాంగా రాస్తున్నాను. నువ్వు చేసిందే సబబు. నేనైతే చేసేదాన్ని కాదు, కళ్ళు మూసుకుని పాస్ చేసేసేదాన్ని. అందుకే నువ్వు మేస్టరువి. నేను పెళ్ళాడింది ఈ మొండి మేస్టర్నే.

అయితే ఒకటి అడుగుతాను, ఫెయిల్ చేసి ఊరుకున్నావా? ఆగడం రాని పిల్లకి ఆగడం నేర్పమన్నాను. చదవడం రాని పిల్లకి నువ్వేం నేర్పావు? బడి అయ్యాక కూర్చోబెట్టు. రోజూ కూర్చోబెట్టు.

ఇల్లు చూడటానికి ఒక జంట వచ్చింది. వంటిల్లు నచ్చిందన్నారు. కాంట్రాక్టు తేలేదాకా ఆగమన్నాను. తేలగానే రాయి. ఎలా తేలినా రాయి.

ఆర్లీన్


లూమిస్ హార్బర్
ఏప్రిల్

గెరిట్,

ఇది మూడో ఉత్తరం. మొదటి రెండింటికీ జవాబు లేదు. ఫోన్ చేస్తే మిసెస్ ఓడెల్ "నడవడానికి వెళ్ళాడమ్మా" అని గట్టిగా అరిచి పెట్టేస్తుంది. ఏమిటా నడక? ఎక్కడికి నడుస్తున్నావు?

ఉద్యోగం పోయింది కదూ? పోతే పోయిందని ఒక్క ముక్క రాయడానికి ఏమొచ్చింది? నేనేమన్నా పరాయిదాన్నా? ఆ ఇల్లు చూసిన జంట ఆగలేక వేరే ఇల్లు కొనుక్కున్నారు. నాకేం బాధ లేదు. నువ్వు రాయకపోవడం ఒక్కటే నా వల్ల కావడం లేదు. రోజూ మంచులో గేటుదాకా వెళ్ళి ఖాళీ పోస్టు డబ్బా చూసి వస్తున్నాను. పోస్ట్‌మాన్ నన్ను చూసి అవతలి పక్కనుంచి వెళ్తున్నాడు.

బతికున్నావని రాయి.

ఆర్లీన్


కార్మడీ
ఏప్రిల్ చివర

ప్రియమైన ఆర్లీన్,

క్షమించు. బతికే ఉన్నాను.

మిస్టర్ టీగ్ నన్ను పిలిచి కూర్చోమన్నాడు. "ఏం చెప్పమంటావు గెరిట్, నిన్ను తీసెయ్యక తప్పడం లేదు. బోర్డు దగ్గర డబ్బు లేదు. నీ చరిత్ర డ్వెయిన్‌కి ఇచ్చేస్తున్నాం. ట్వైలా సంగతికి ఇది శిక్ష కాదు, ఆ మాట నమ్ము. కాకపోతే ఆ సంగతి వల్ల నీ తరఫున మాట్లాడేవాడు లేకపోయాడు" అన్నాడు. నేను లేవబోయాను. "కూర్చోవయ్యా, సగమే చెప్పాను" అన్నాడు.

"అమ్మాయిల కోచ్ పోస్టు తీసెయ్యడానికి వీల్లేదు. మగపిల్లలకి ఆట ఉన్నప్పుడు ఆడపిల్లలకీ ఉండాలని చట్టం. దాంతోపాటు జిమ్ క్లాసులు. ప్రతి మ్యాచ్‌కీ గేటు దగ్గర నేనే ఉన్నాను కదా, నువ్వు 'మా ఆవిడ చెప్పింది' అని అరుస్తూంటే వినలేదనుకున్నావా? ఏడాదంతా నా జట్టుని నడిపింది ఆవిడ. నేను పొరపాటున మొగుణ్ణి పెట్టుకున్నాను. ఆవిడ జిమ్ టీచరేనా? వస్తుందా?"

వస్తుంది అన్నాను. నోరు ఆ మాట అనేసింది. ఆ పూటే నీకు రాయాల్సింది. రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్తాను, విని అసహ్యించుకుంటే అసహ్యించుకో. ఏడాదంతా నిన్ను చూడాలని కొట్టుకున్నాను. తీరా నువ్వు వచ్చే దారి దొరికితే, అది నా పాఠం మీదుగా వెళ్తోంది. ఈర్ష్య ఆర్లీన్. నా పెళ్ళాం మీద నాకు ఈర్ష్య. అది అణిగేదాకా ఈ ఎండలో నడిచాను. పూర్తిగా అణగలేదు. అయినా నిన్న నీ ఉత్తరం చదివి ఇక ఆగలేకపోయాను.

ట్వైలా ఈసారి చరిత్రలో పాసైంది. మంచి మార్కులే. రోజూ కూర్చోబెట్టాను, నువ్వన్నట్టే. మొన్న "వచ్చే ఏడాది మీరుండరట కదా సార్, మరి నాకు మిగతా యుద్ధాలు ఎవరు చెప్తారు?" అంది. నేను చాక్‌పీసు వెతుక్కున్నాను.

బడి బస్సుకి డ్రైవరు కావాలట, ఆ పని నన్ను చెయ్యమన్నాడు టీగ్. చేస్తానో లేదో తెలియదు. అది తర్వాత చూద్దాం. నువ్వు ఆయనకి ఫోన్ చెయ్యి. ఈ పిల్లలు నీ పిల్లలు. వచ్చెయ్యి.

నీ
గెరిట్


లూమిస్ హార్బర్
మే

నా గెరిట్‌కి,

మిస్టర్ టీగ్‌కి ఫోన్ చేశాను. "హలో కోచ్" అన్నాడు. ఎవరినంటున్నాడో అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. వస్తున్నానని చెప్పి, ఫోన్ పెట్టేసి, వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషమో కాదో నాకే తెలియలేదు. ఇల్లు బేకరీలో నా పక్కావిడకి అద్దెకిచ్చేశాను. ఈ ఎండాకాలం టెక్సస్ టీచర్ల పరీక్షకి కూర్చోవాలట. కూర్చుంటాను.

ఇక నీ సంగతి. ఈర్ష్య అన్నావు కదా. అసహ్యించుకోను. ఒక మాట చెప్తాను, ఇన్నేళ్ళూ చెప్పనిది.

మన బడివాళ్ళు నా జిమ్‌కి తాళం వేసిన రోజు నేను ఇంటికి వస్తే, నువ్వు నా కోటు తీసి తగిలించి, "పోనీలే ఆర్లీన్, ఇక ఇంట్లో హాయిగా ఉండొచ్చు" అన్నావు. ప్రేమగానే అన్నావు. నాకు తెలుసు. ఆ ఒక్క 'పోనీలే' మింగడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. ఆట మాట ఎత్తకపోవడానికి కారణం జిమ్ పోవడం కాదు గెరిట్. నా ప్రాణంలో ప్రాణమైన మనిషికి అది నాకు ఏమిటో తెలియకపోవడం. నిన్ను టెక్సస్ పంపినప్పుడు అందరూ నేను ధైర్యంగా ఉన్నానన్నారు. ధైర్యం కాదు, నీ మీద కోపం ఇంకా మిగిలి ఉంది.

ఇప్పుడు నీకు తెలిసింది కాబట్టి నా కోపం పోయింది. నీ క్లాసు పోతేగానీ ఆ సంగతి నీకు తెలియలేదు, అదే నాకు బాధ.

అందుకని విను. నేను నీతో పోనీలే అనను. నీ చరిత్ర పాఠం పోయింది, అది చిన్న సంగతి కాదు. నా జట్టు గెలిచిన రోజు నీకు మొహం మాడ్చుకుని కూర్చోవాలనిపిస్తే కూర్చో, నేను బతిమాలను. బస్సు నడపాలనిపిస్తే నడుపు, వద్దనుకుంటే మానెయ్యి. ట్వైలాకి మిగతా యుద్ధాలు మన వంటింటి బల్ల దగ్గర చెప్పు. దానికి వండి పెట్టడం నా వంతు.

రేపు పొద్దున్న కారులో బయల్దేరుతున్నాను. దారిలో ఎన్ని రోజులవుతుందో తెలియదు, ఆ డొక్కు కారు సంగతి నీకు తెలుసు. నువ్వు నడకలకి వెళ్ళకుండా ఇంట్లో ఉండు. నేను వచ్చాక ఇద్దరికీ సరిపడా బఠాణీ సూప్ కాస్తాను, ముందు అది తిందాం. ఏడాదిగా రాసుకున్నది చాలు.

నీ
ఆర్లీన్